బోధి గురించి అడగడం: తెలుసుకోవడానికా, గెలవడానికా

బుద్ధుడి బోధల్లో చాలా భాగం ఎవరో ఒకరు అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబులే. రాజులు అడిగారు, గృహస్థులు అడిగారు, వేదాలు చదివిన బ్రాహ్మణులు, జైన శ్రావకులు, ఇల్లు వదిలి ఊరూరా తిరిగే పరివ్రాజకులు అడిగారు. వీళ్లలో కొందరు తెలుసుకుందామని వచ్చారు, కొందరు నోరు మూయించి పోదామని వచ్చారు. ఈ తేడాను బౌద్ధం ఆదినుంచీ పట్టించుకుంది. ఎవరి ప్రశ్నకు ఎలా జవాబు చెప్పాలి, ఎవరితో మాట కలపవచ్చు, ఎక్కడ మౌనంగా ఉండాలి అన్నవి సుత్తాల్లో, అంటే బుద్ధుడి బోధలున్న పాళీ గ్రంథాల్లో, విడిగా చర్చకు వచ్చిన విషయాలు.

జ్ఞానోదయం, అంటే బోధి, దగ్గరికి వచ్చేసరికి ఈ పట్టింపు మరింత అవసరమైంది. పండిన ధాన్యాన్ని కల్లంలో కొలిచి ఇన్ని బస్తాలని చెప్పవచ్చు. ఒక మనిషి మనసులోంచి రాగం, ద్వేషం, మోహం పూర్తిగా పోయాయో లేదో అలా కొలిచి చూపించే సాధనం లేదు. బోధి పొందానన్నవాడు చెప్పాలి, ఎదుటివాడు అడగాలి, ఆ పైన అతని నడవడిని కొంతకాలం కనిపెట్టి చూడాలి. అడిగేవాడి బుద్ధి వంకరైతే ఈ పరిశీలన కాస్తా పోటీగా మారిపోతుంది. అసలు అడగడమే మానేస్తే మోసగాళ్ల పంట పండుతుంది.

తెలుసుకునే ప్రశ్నకూ వేధించే ప్రశ్నకూ మధ్య గీత అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది మహాపరినిబ్బాన సుత్తంలో. కుశీనారలో మల్లుల సాలవనంలో బుద్ధుడు చివరి రాత్రి గడుపుతున్నాడు. ఆ ఊళ్లో ఉంటున్న సుభద్రుడనే పరివ్రాజకుడికి ఈ కబురు అందింది. అతనికి ఒక సందేహం ఉంది, దాన్ని తీర్చగలవాడు తెల్లారేలోగా వెళ్లిపోబోతున్నాడు. వనానికి వచ్చి, ఒక్కసారి చూడనివ్వమని బుద్ధుడి సేవలో ఉండే భిక్షువు ఆనందుణ్ణి అడిగాడు. తథాగతుడు (బుద్ధుడు) అలసిపోయి ఉన్నాడు, ఇబ్బంది పెట్టవద్దని ఆనందుడు అడ్డుపడ్డాడు. సుభద్రుడు మూడుసార్లు అడిగాడు, ఆనందుడు మూడుసార్లూ కాదన్నాడు. ఈ మాటలు బుద్ధుడి చెవిన పడ్డాయి. అతణ్ణి ఆపవద్దని, అతను ఏమడిగినా తెలుసుకోవాలనే అడుగుతాడు గాని విసిగించాలని అడగడని ఆనందుడికి చెప్పాడు.

ఇంతకీ సుభద్రుడు అడిగిన ప్రశ్న పైకి తగవులమారి ప్రశ్నలాగే ఉంటుంది. పూరణ కాశ్యపుడు, మక్ఖలి గోసాలుడు మొదలుకొని నిగంఠ నాతపుత్తుడి వరకు ఆ కాలంలో పేరుమోసిన గురువులు ఆరుగురు. తాము చెప్పుకున్నట్టు వాళ్లందరూ సత్యాన్ని తెలుసుకున్నవాళ్లేనా, ఎవరూ కాదా, లేక కొందరేనా అని అడిగాడు. ఇతర గురువుల మీద తీర్పు చెప్పించే ప్రశ్న అది. బుద్ధుడు ఆ లెక్క పక్కన పెట్టమని, ఏ బోధలో అష్టాంగమార్గం ఉంటుందో అక్కడ నిజమైన శ్రమణులు ఉంటారని చెప్పాడు. అడిగిన రూపంలో జవాబు రాలేదని సుభద్రుడు పంతం పట్టలేదు. అతనికి కావలసింది ఆరుగురి పేర్ల పక్కన మార్కులు కాదు, తాను ఏ దారిన నడవాలో తేలడం. అది తేలింది. బుద్ధుడి ఎదుట సంఘంలో చేరిన చివరి శిష్యుడు అతనే.

ప్రశ్న వెనక ఉద్దేశాలు ఎన్ని రకాలో బుద్ధుడి శిష్యుడు శారిపుత్రుడు అంగుత్తర నికాయమనే సుత్తసంపుటంలో చెబుతాడు. బుద్ధి మందగించి, అయోమయంలో అడిగేవాళ్లు ఉంటారు. లాభం కోసం, దురాశతో అడిగేవాళ్లు ఉంటారు. ఎదుటివాణ్ణి చులకన చేయడానికి అడిగేవాళ్లు ఉంటారు. నిజంగా తెలుసుకోవాలని అడిగేవాళ్లు నాలుగో రకం. ఐదో రకం ఆసక్తికరమైనది: ఎదుటివాడు సరిగ్గా చెబితే సంతోషం, చెప్పలేకపోతే నేనే సరిగ్గా వివరిస్తాను అనుకుని అడగడం. తాను ప్రశ్న వేసేది ఈ ఐదో ఉద్దేశంతోనే అని శారిపుత్రుడు అంటాడు. జవాబు తెలిసినవాడు అడిగే ప్రశ్నలన్నీ కుటిలమైనవి కావని దీన్నిబట్టి అర్థమవుతుంది. పరీక్షించడంలోనూ ఎదుటివాడి మేలు కోరవచ్చు.

అదే నికాయంలో మరో సుత్తం, మాటకు తగిన మనిషిని ఎలా గుర్తుపట్టాలో చెబుతుంది. అడిగినదానికి అడ్డదారిన మరేదో చెప్పేవాడు, ఇరకాటంలో పడగానే సంభాషణను పక్కకు మళ్లించేవాడు, కోపం తెచ్చుకునేవాడు, ఎదుటివాణ్ణి మాటలతో తొక్కేసేవాడు, వెక్కిరించేవాడు, నోరు జారిన చిన్న మాట పట్టుకుని వేలాడేవాడు చర్చకు పనికిరారు. ఈ గుణాలన్నీ అడిగేవాడికే కాదు, చెప్పేవాడికీ వర్తిస్తాయి. సుత్తం ఆ ఇద్దరినీ విడదీయదు.

మర్యాదగా అడిగితే జిజ్ఞాస, గట్టిగా అడిగితే వాదం అనుకోవడం పొరపాటు. బుద్ధుడి జ్ఞానోదయాన్ని గట్టిగా శంకించినవాళ్లలో మొదటివాళ్లు ఆయన పాత సహచరులైన పంచవర్గీయులే. కటిక ఉపవాసాలు మానేసి అన్నం తిన్నందుకు వాళ్లు ఆయనను వదిలిపోయారు. సారనాథ్‌లో ఆయన ఎదురొస్తుంటే లేచి గౌరవించకూడదని ముందే అనుకున్నారు. అంత కఠోర తపస్సు చేసినప్పుడు రానిది, సుఖానికి మళ్లాక ఎలా వచ్చిందని మొహం మీదే అడిగారు. ఒకసారి కాదు, మూడుసార్లు. బుద్ధుడు నొచ్చుకోలేదు. ఇంతకుముందెప్పుడైనా మీతో నేనిలా మాట్లాడానా అని మాత్రం అడిగాడు. వాళ్లు ఆలోచించి, లేదని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు దగ్గర వాళ్ల ప్రశ్న రకమేమిటో బయటపడింది: ఎదురుగా ఉన్న సాక్ష్యానికి తలవంచగలిగారు. అంతకు కొద్దిరోజుల ముందు గయకూ బోధివృక్షానికీ మధ్య దారిలో కలిసిన ఉపకుడనే ఆజీవకుడు ఎంతో మర్యాదగా నీ గురువెవరని అడిగాడు, ముఖం వెలిగిపోతోందని మెచ్చుకున్నాడు కూడా. తనకు తానే బోధి పొందానని బుద్ధుడు చెప్పగా, అయి ఉండవచ్చులే అని తలాడించి పక్కదారి పట్టి వెళ్లిపోయాడు. మృదువుగా అడిగినవాడు ఏమీ తేల్చుకోలేదు, నిలదీసినవాళ్లు విన్నారు.

గెలవడం కోసమే అడిగినవాళ్లలో సచ్చకుడిది పెద్ద పేరు. వైశాలిలో ఉండేవాడు, నిగంఠుల (జైనుల) బిడ్డ, వాదంలో దిట్ట. తాను వాదానికి దిగితే ప్రాణం లేని స్తంభం కూడా వణుకుతుందని చెప్పుకునేవాడు. గౌతముణ్ణి జుట్టున్న పొట్టేలును లాగినట్టు అటూ ఇటూ లాగుతానని లిచ్ఛవుల ముందు ప్రగల్భాలు పలికి, అయిదు వందల మంది లిచ్ఛవులను వెంటబెట్టుకుని మహావనానికి బయలుదేరాడు. వాదం చూడటానికి జనాన్ని పోగేసుకుని రావడంలోనే అతని ఉద్దేశం తెలిసిపోతుంది.

ఈ రూపమే నా ఆత్మ, ఈ వేదనే నా ఆత్మ అని సచ్చకుడు వాదించాడు, తనతోపాటు ఈ జనమంతా అదే అంటున్నారని కూడా జోడించాడు. జనం సంగతి వదిలి నీ మాట నువ్వు చెప్పమని బుద్ధుడు అడ్డుకున్నాడు. తర్వాత ఒక చిన్న ప్రశ్న వేశాడు. కోసల రాజుకు తన రాజ్యంలో శిక్షించే అధికారం, బహిష్కరించే అధికారం ఉంటాయి కదా? ఉంటాయన్నాడు సచ్చకుడు. మరి రూపం నీ ఆత్మ అయితే, అది ఇలా ఉండాలి, అలా ఉండకూడదు అని శాసించే అధికారం నీకుందా? సచ్చకుడు మాట్లాడలేదు. రెండోసారి అడిగినా మాట్లాడలేదు. మూడోసారి వజ్రాయుధం పట్టిన యక్షుడొకడు తల మీద నిలిచి భయపెట్టాడని సుత్తం చెబుతుంది. అప్పుడు లేదన్నాడు. నుదుటి చెమట పైబట్టలోంచి కారి నేల మీద పడింది. యక్షుడి సంగతి ఎలా ఉన్నా, ఆ రెండు మౌనాలు చాలా సహజంగా ఉన్నాయి. అయిదు వందల మంది ఎదుట ఒక్క లేదు అనే మాట ఎంత బరువవుతుందో కథ చెప్పినవాడికి బాగా తెలుసు.

ఆసక్తికరమైన మలుపు దీని తర్వాత వస్తుంది. సచ్చకుడు మరోసారి వచ్చాడు. దూరం నుంచి చూసిన ఆనందుడు, ఇతను బుద్ధుణ్ణీ ధర్మాన్నీ సంఘాన్నీ తప్పుపట్టాలని వస్తున్నాడని ముందే హెచ్చరించాడు. అయినా బుద్ధుడు కూర్చుని అతని మాట విన్నాడు. ఆ సంభాషణలోనే తన తపస్సు, ఎముకలు తేలిన శరీరం, చిన్నప్పుడు నేరేడు చెట్టు నీడలో కలిగిన ధ్యానానుభవం గుర్తుకురావడం, చివరికి బోధి రాత్రి మూడు జాముల్లో కలిగిన మూడు విద్యలు, అన్నీ వివరంగా చెప్పాడు. పాళీ సాహిత్యంలో జ్ఞానోదయం గురించి ఇంత విపులంగా ఉన్న కథనాలు కొద్దే. వాటిలో ఒకటి తప్పుపట్టడానికి వచ్చిన మనిషికి చెప్పినది కావడం గమనించదగ్గ సంగతి. సచ్చకుడు చివరికి శిష్యుడు కాలేదు. ఎంత గుచ్చి అడిగినా ముఖం రంగు మారనివాణ్ణి నిన్నే చూశానని మెచ్చుకుని, పనులున్నాయని లేచి వెళ్లిపోయాడు. జవాబు చెప్పడానికి శిష్యుడవుతాడన్న హామీని బుద్ధుడు కోరలేదు.

నాలందాలో ఉపాలి అనే జైన గృహస్థు ఇలాగే బుద్ధుణ్ణి వాదంలో ఓడించడానికి వచ్చాడు. సత్యం మీద నిలబడి మాట్లాడతానంటే చర్చిద్దామని బుద్ధుడు షరతు పెట్టాడు. ఉపాలి ఆ షరతుకు కట్టుబడ్డాడు, మనసు మార్చుకున్నాడు. అప్పుడు బుద్ధుడే అతణ్ణి ఆపి, నీలాంటి పేరున్నవాడు బాగా విచారించి గాని నిర్ణయం తీసుకోకూడదన్నాడు, ఇంటికి వచ్చే జైన సాధువులకు భిక్ష పెట్టడం మానవద్దని చెప్పాడు. వాదంలో గెలవాలనుకునేవాడు అనే మాటలు కావివి.

వాదించేవాడు ఎందుకు వాదిస్తూనే ఉంటాడో లోపలినుంచి చూపించేది పాయాసి సుత్తం. అందులో చర్చ పరలోకం గురించి, బోధి గురించి కాదు. కానీ ప్రశ్నించే మనసును ఇంత దగ్గరగా చూపిన కథ మరొకటి దొరకదు. పాయాసి కోసల రాజ్యంలో సేతవ్య అనే ఊరి పాలకుడు. పరలోకం లేదు, కర్మఫలం లేదు అన్నది అతని పక్షం. ఊరికే అనలేదు, ప్రయోగాలు కూడా చేశానన్నాడు. దొంగను కుండలో పెట్టి, మూత బిగించి, మట్టి మెత్తి పొయ్యి మీద పెట్టించాడట. చచ్చాక కొద్దిగా మూత తీసి చూస్తే జీవుడు బయటికి వెళ్లడం కనిపించలేదన్నాడు. కుమార కాశ్యపుడనే భిక్షువు ఒక్కొక్క వాదానికీ ఒక్కొక్క ఉపమానంతో జవాబు చెబుతూ వచ్చాడు. చివరికి పాయాసి అసలు సంగతి బయటపెట్టాడు: ఈ అభిప్రాయాన్ని ఇప్పుడు వదలలేను, కోసల రాజు పసేనదికీ పొరుగు రాజులకూ నేను ఈ పక్షంవాణ్ణని తెలుసు, వదిలితే నన్ను తెలివితక్కువవాడంటారు.

కుమార కాశ్యపుడు దీనికి ఇద్దరు స్నేహితుల కథ చెప్పాడు. ఇద్దరూ జనుము మోపులు ఎత్తుకుని పోతుంటే దారిలో అంతకంటే విలువైన నార, బట్ట, లోహాలు, వెండి, చివరికి బంగారం కనిపించాయి. ఒకడు ప్రతిచోటా పాతది దించి మంచిది ఎత్తుకున్నాడు. రెండోవాడు ఇంత దూరం మోశాను, గట్టిగా కట్టి ఉంది అంటూ జనుముతోనే ఇల్లు చేరాడు. పాయాసి అప్పుడు ఇంకో నిజం ఒప్పుకున్నాడు. మొదటి ఉపమానానికే తనకు తృప్తి కలిగిందట, ఇంకా ఎన్ని రకాలుగా చెబుతాడో విందామని ఎదురు చెబుతూ పోయాడట. ఉపాలి కూడా తన వాదం చివర ఇదే ఒప్పుకుంటాడు. పైకి ఒకే వాదనలా వినిపించిన దానిలో పరువు భయం, వినాలన్న కోరిక, నిజమైన సందేహం కలిసి ఉన్నాయి. మనిషిని జిజ్ఞాసువు, వాదప్రియుడు అని రెండు గదుల్లో పెట్టేయడం ఎంత కష్టమో ఈ కథ చూపిస్తుంది.

ప్రశ్నలకు జవాబిచ్చే పద్ధతులు నాలుగని అంగుత్తర నికాయం చెబుతుంది. కొన్నిటికి సూటిగా చెప్పాలి, కొన్నిటిని విడదీసి చెప్పాలి, కొన్నిటికి ఎదురు ప్రశ్న వేయాలి, కొన్నిటిని పక్కన పెట్టాలి. పక్కన పెట్టిన వాటిలో ప్రసిద్ధమైనవి లోకం శాశ్వతమా కాదా, తథాగతుడు మరణం తర్వాత ఉంటాడా ఉండడా వంటి పది. మాలుంక్యపుత్రుడు వీటికి జవాబు చెప్పకపోతే సంఘం వదిలిపోతానన్నాడు. విషబాణం తగిలినవాడు బాణం వేసినవాడి కులగోత్రాలు తెలిసేదాకా వైద్యం వద్దన్నట్టుందని బుద్ధుడు చెప్పిన పోలిక లోకమంతా తెలిసిందే.

వచ్చగోత్తుడి సంగతి అంత తెలిసింది కాదు. ఈ పరివ్రాజకుడు అవే ప్రశ్నలు పట్టుకుని ఏళ్ల తరబడి బుద్ధుడి చుట్టూ, శిష్యుల చుట్టూ తిరిగాడు. ఆత్మ ఉందా అని ఒకసారి అడిగితే బుద్ధుడు మౌనంగా ఉండిపోయాడు. లేదా అని అడిగినా అంతే. అతను వెళ్లాక ఆనందుడు కారణం అడిగాడు. ఉందంటే శాశ్వతవాదుల పక్షమవుతుంది, లేదంటే ఇప్పటికే అయోమయంలో ఉన్న మనిషి, నిన్నటిదాకా ఉన్న ఆత్మ ఇప్పుడు పోయిందా అని మరింత గందరగోళంలో పడతాడని బుద్ధుడు చెప్పాడు. ఆ మౌనం వెనక ఉన్నది ఎదుటి మనిషి మీద శ్రద్ధ. ఇంకోసారి, ఆరిపోయిన మంట తూర్పుకు పోయిందా పడమరకు పోయిందా అని అడిగి, అతని ప్రశ్నే అతికే ప్రశ్న కాదని అతని చేతే చెప్పించాడు. వచ్చగోత్తుడు చివరికి సంఘంలో చేరి అర్హంతుడయ్యాడు, అంటే పూర్తి ముక్తి పొందాడు. అడిగిన ప్రశ్నల జాబితా చూస్తే అతనూ వాదప్రియుడే, వదలకుండా వెతికిన తీరు చూస్తే కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫలానావాడు బోధి పొందాడా అన్న ప్రశ్న ఒక ఎత్తు. దీనికి సంఘ నియమాల గ్రంథమైన వినయపిటకంలో గట్టి కట్టుబాటు ఉంది. లేని సిద్ధిని ఉందని తెలిసి తెలిసి చెప్పుకున్న భిక్షువు సంఘం నుంచి శాశ్వతంగా బహిష్కృతుడవుతాడు. దొంగతనం, హత్య, మైథునంతో సమానమైన నేరమిది. ఉన్న సిద్ధినైనా సంఘంలో లేనివాళ్ల ముందు చాటుకోవడం తప్పే, అది చిన్న తప్పు. అంటే బోధి గురించిన సంభాషణ బజారులో జరగకూడదు, సంఘం లోపల మాత్రం జరగాలి. ఎలా జరగాలో ఛబ్బిసోధన సుత్తం చెబుతుంది. ఒక భిక్షువు తాను ముక్తుణ్ణయ్యానంటే ఆ మాటను వెంటనే మెచ్చుకోకూడదు, తోసిపుచ్చకూడదు. చూసినదాన్ని, విన్నదాన్ని మనసు ఎలా పట్టుకుంటుంది, నేను, నాది అన్న భావం ఎలా పోయింది అని వరసగా అడగాలి. నమ్మకానికీ అనుమానానికీ మధ్య ప్రశ్నకు చోటు ఉంచే నియమం ఇది.

ఇలాంటి ప్రశ్న నిజంగా అడిగినప్పుడు ఏమవుతుందో కౌశాంబి ఘోషితారామంలో జరిగిన సంభాషణ చూపిస్తుంది. సవిట్ఠుడనే భిక్షువు తోటి భిక్షువు ముసీలుణ్ణి, నమ్మకం, ఇష్టం, పరంపర, తర్కం వీటి సహాయం లేకుండా స్వయంగా నీకిది తెలుసా అని ఒక్కొక్కటిగా అడిగాడు. తెలుసన్నాడు ముసీలుడు. అయితే నువ్వు అర్హంతుడివేనన్నమాట అన్నాడు సవిట్ఠుడు. ముసీలుడు మౌనంగా ఉన్నాడు. అక్కడే ఉన్న నారదుడు ఆ ప్రశ్నలు నన్ను అడగండి అని ముందుకొచ్చాడు. అన్నిటికీ తెలుసనే చెప్పాడు, కానీ తాను అర్హంతుణ్ణి కానన్నాడు. దాహంతో ఉన్నవాడు బావిలోకి తొంగిచూస్తే నీళ్లు కనిపిస్తాయి, తాడూ చేదా లేకపోతే ఆ నీళ్లు ఒంటికి తగలవు, నాదీ అంతే అన్నాడు. ఎవరూ ఎవరినీ నిలదీయలేదు, ఎవరూ గొప్పలు పోలేదు. కానీ బోధిని తెలియడానికీ బోధిలో ఉండటానికీ మధ్య ఉన్న సన్నని తేడా ఆ నాలుగు మాటల్లో బయటికొచ్చింది. జ్ఞానోదయం మీద జరిగిన సంభాషణలన్నిటిలో ఇంత నిజాయితీగలది అరుదు.

సుసీముడి కథ ఇందుకు పూర్తిగా వ్యతిరేకంగా మొదలవుతుంది. బౌద్ధులకు దొరికే ఆదరణ తమకు దొరకడంలేదని బాధపడ్డ పరివ్రాజకులు, బుద్ధుడి బోధ నేర్చుకొచ్చి తమకు చెప్పమని అతణ్ణి రాజగృహంలో సంఘంలోకి పంపారు. అక్కడ కొందరు భిక్షువులు తాము ముక్తులమని చెప్పడం విని, గాలిలో ఎగరగలరా, పరుల మనసు చదవగలరా, పూర్వజన్మలు గుర్తున్నాయా అని వరసగా అడిగాడు. ఏదీ లేదన్నారు, తాము ప్రజ్ఞతో ముక్తులమయ్యామన్నారు. సుసీముడికి ఇది మింగుడుపడక బుద్ధుడి దగ్గరికి వెళ్లాడు. బుద్ధుడు అనిత్యం గురించి, కార్యకారణ సంబంధం గురించి అతణ్ణే ప్రశ్నిస్తూ అర్థం చేయించి, ఇంత తెలిసిన నీకు ఆ సిద్ధులున్నాయా అని అడిగాడు. లేవన్నాడు సుసీముడు. తన ప్రశ్న తనకే తిరిగొచ్చింది. ధర్మాన్ని దొంగిలించడానికి చేరానని అప్పుడే ఒప్పుకుని క్షమాపణ కోరాడు, బుద్ధుడు అంగీకరించాడు. వచ్చిన ఉద్దేశం చెడ్డదైనా నిజాయితీగా జవాబిచ్చిన కొద్దీ మనిషి మారవచ్చన్నది ఈ కథ ఆధారంగా చెప్పగలిగే మాట.

నువ్వు వాదిస్తున్నావు, తెలుసుకోవాలని లేదు అనే మాటను గురువులు కవచంగా వాడుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంది. ఇబ్బందికరమైన ప్రశ్న వచ్చినప్పుడల్లా అడిగినవాడి శ్రద్ధను శంకిస్తే ప్రశ్న దానంతటదే చచ్చిపోతుంది. వీమంసక సుత్తం ఈ దారి మూసేస్తుంది. తథాగతుణ్ణే పరీక్షించమని అందులో బుద్ధుడు భిక్షువులకు చెబుతాడు. ఆయన చేతల్లో, మాటల్లో మలినం ఉందేమో కంటితో చూసి, చెవితో విని తేల్చుకోవాలి. ఆ మంచితనం కొత్తగా వచ్చిందా, చాలాకాలంగా ఉన్నదా చూడాలి. పేరు వచ్చాక మారాడేమో చూడాలి. చివరికి ఆయననే సూటిగా అడగాలి. గురువుకు మినహాయింపు లేదు. చంకీ సుత్తంలో పదహారేళ్ల కాపథికుడు పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో దూరాడు. ఆగమని బుద్ధుడు వారించాడు, కాసేపటికి అడగాలనుకుంటున్నాడని గమనించి తనే అతని వైపు చూశాడు. కుర్రవాడు అడిగినది సత్యాన్ని కాపాడటం ఎలాగని. ఇది నా నమ్మకం అనుకున్నంతవరకు సత్యాన్ని కాపాడినట్టే, ఇదే సత్యం మిగతాదంతా అబద్ధం అన్న క్షణంలో ఆ కాపుదల పోతుంది అన్నది జవాబు సారం.

ఈ కథల్లో తెలుగు నేలకు కూడా వాటా ఉంది. సుత్తనిపాతంలోని పారాయణ వర్గం కథ గోదావరి ఒడ్డున, అస్సక ప్రాంతంలో మొదలవుతుంది. అస్సక రాజధాని పోతన నేటి బోధన్ అని, కథలోని బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడి ఆశ్రమం నిర్మల్ జిల్లాలో గోదావరి పాయల మధ్యనున్న బాదనకుర్తి అని తెలంగాణ చరిత్రకారుల్లో కొందరు గుర్తిస్తారు. ఈ బావరిని, అడిగిన డబ్బు ఇవ్వలేదని ఒకడు నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. బావరికి పట్టుకున్న భయమే ప్రశ్నగా మారింది: తల అంటే ఏమిటి, తల పగలడం అంటే ఏమిటి? పదహారుమంది శిష్యులను ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా మగధకు పంపాడు. అవిద్యే తల, విద్య కలిగినప్పుడు పగిలేది అదే అని బుద్ధుడు చెప్పాడు. శాపం అలా బోధి వర్ణనగా మారింది. ఆ పదహారుమందిలో ఒక్కరూ వాదానికి దిగరు. ఒక్కొక్కరు తన భయాన్నో వెలితినో ముందుపెట్టి అడుగుతారు. రెండుసార్లు అడిగి జవాబు రాని మోఘరాజు కూడా అలగకుండా మూడోసారి అడిగి తెలుసుకున్నాడు.

కొన్ని శతాబ్దాల తర్వాత ఆంధ్రదేశపు భిక్షువులు మరో రకం ప్రశ్నకు కేంద్రమయ్యారు. అర్హంతుడికి సందేహం ఉంటుందా? తెలియని విషయాలుంటాయా? ఇతరులు చెబితే గాని తెలియనివి ఉంటాయా? ఉంటాయని అన్నవాళ్లు పూర్వశైలీయులని, కథావత్థు అనే పాళీ వివాదగ్రంథం మీది వ్యాఖ్యానం చెబుతుంది. అది వాళ్లనూ అపరశైలీయులనూ అంధకులు అనే పేరుతో కలిపి వ్యవహరిస్తుంది. ఏడో శతాబ్దంలో ధాన్యకటకానికి వచ్చిన హ్యూన్‌త్సాంగ్ నగరానికి ఇరువైపులా పూర్వశైల, అపరశైల ఆరామాలున్నాయని రాశాడు. కథావత్థు మాత్రం ప్రతిపక్షాన్ని ఒప్పించి, తిప్పి, మెలిపెట్టి ఇరికించే తర్కంతో రెండు వందలకు పైగా వివాదాలను పరిష్కరించుకుంటూ పోతుంది. దాని తీరు వాదమే. కానీ ఆంధ్రుల ప్రశ్నను ఉత్త తర్కంగా కొట్టిపారేయడం న్యాయం కాదు. ముక్తుడైన మనిషికి ఊరి దారి తెలియకపోవడం సహజమే కదా అన్న మామూలు అనుభవం దాని వెనక ఉంది.

చర్చలోనే రకాలు చూడటం ఒక్క బౌద్ధుల అలవాటు కాదు. న్యాయసూత్రాలు సత్యం కోసం చేసేదాన్ని వాదమన్నాయి, గెలుపు కోసం చేసేదాన్ని జల్పమన్నాయి, తన పక్షమంటూ నిలబెట్టకుండా ఎదుటిదాన్ని కూల్చడమే పనిగా పెట్టుకున్నదాన్ని వితండమన్నాయి. చరక సంహిత వైద్యుల మధ్య చర్చను కూడా స్నేహంగా చేసేది, పోట్లాటగా చేసేది అని విడదీసింది. సత్యాన్ని కాపాడటానికి అవసరమైతే జల్పవితండాలు వాడవచ్చని నైయాయికులు సమర్థించారు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి తన వాదన్యాయంలో దీన్ని ఒప్పుకోలేదు. సత్యాన్ని నిలబెట్టడానికి మోసపు వాదన పనికిరాదన్నది ఆయన వైఖరి. మిలింద పన్హలో ఇదే పట్టుదల వేరే రూపంలో వస్తుంది. క్రీ.పూ. రెండో శతాబ్దపు యవన రాజు మిలిందుడు చర్చకు రమ్మన్నప్పుడు, పండితుల్లా మాట్లాడతావా రాజులా మాట్లాడతావా అని నాగసేనుడు అడిగాడు. పండితులు ఓడినా కోపగించుకోరు, రాజులు కాదన్నవాణ్ణి శిక్షిస్తారు. పండితుడిలాగే అని రాజు మాటిచ్చాకే చర్చ మొదలైంది. అధికారం ఉన్నవాడు అడిగినప్పుడు ప్రశ్న రంగు ఎలా మారుతుందో ఆ ఒక్క షరతులో ఉంది.

ఆ షరతు లేకపోతే ఏమవుతుందో టిబెట్‌లో చూడవచ్చు. సుమారు క్రీ.శ. 792–794 మధ్య ట్రిసోంగ్ దెచెన్ రాజు కాలంలో సమ్యే ఆరామం పేరుతో ప్రసిద్ధమైన వివాదం జరిగింది. జ్ఞానోదయం ఆలోచనలన్నీ ఆగిన క్షణంలో ఒక్కసారిగా కలుగుతుందని చైనా ధ్యానగురువు మొహెయన్ పక్షం, దానశీలాలతో, విచారణతో మెట్టుమెట్టుగా రావాలని భారతీయుడు కమలశీలుడి పక్షం. కమలశీలుడు గెలిచాడని టిబెట్ చరిత్రలు రాశాయి. దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన చైనా పత్రం మొహెయన్ బోధనే రాజు ఆమోదించాడని రాసింది. రాజాశ్రయం ఎవరికన్నది పందెంగా మారాక రెండు విజయగాథలు మిగిలాయి. ఆ చర్చలో నిజంగా విలువైన ప్రశ్న, విచారణ మనసును విడిపిస్తుందా కట్టేస్తుందా అన్నది, కమలశీలుడి భావనాక్రమం గ్రంథాల్లో ఈనాటికీ చదువుకోవడానికి ఉంది.

చైనా, జపాన్ ధ్యాన సంప్రదాయాలు ప్రశ్నను లోపలికి తిప్పాయి. పదమూడో శతాబ్దపు గావోఫెంగ్ యువాన్‌మియావ్ సాధనకు మూడు కావాలన్నాడు: మహా శ్రద్ధ, మహా సంకల్పం, మహా సందేహం. పద్దెనిమిదో శతాబ్దంలో జపాన్‌లో హకుయిన్ మహా సందేహానికి ఇంకా ప్రాధాన్యం పెంచాడు. ఇక్కడ సందేహానికి ఎదుటివాడు లేడు, గెలవడానికి మనిషే లేడు.

టిబెటన్లు మాత్రం వాదాన్నే సాధనగా మార్చుకున్నారు. కర్ణాటకలోని బైలకుప్పెలో సెరా ఆరామం, ముండగోడులో డ్రెపుంగ్, గాండెన్ ఆరామాలు ప్రవాసంలో తిరిగి ఏర్పడ్డాయి. వాటి ప్రాంగణాల్లో ఈనాటికీ ఇది రోజువారీ పనే. జవాబిచ్చేవాడు నేల మీద కూర్చుంటాడు, అడిగేవాడు నిలబడి, ఎడమ కాలు నేలకు తాకిస్తూ చప్పట్లు కొట్టి ప్రశ్న విసురుతాడు. కూర్చున్నవాడు చెప్పగలిగిన జవాబులు కొన్నే: ఒప్పుకుంటాను, ఎందుకు, హేతువు సిద్ధించలేదు, వ్యాప్తి లేదు. తన మాటకు తానే విరుద్ధమైతే నిలబడ్డవాడు గట్టిగా అరుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. చూసేవాళ్లకు ఇది గొడవలా కనిపిస్తుంది. కానీ జవాబులు నియమంలో బిగించి ఉండటంవల్ల తప్పించుకోవడం, మాట మార్చడం కుదరవు. ఈ రోజు ప్రశ్నించినవాడు రేపు కూర్చుని జవాబివ్వాలి. ఒక పక్షాన్ని నమ్మకపోయినా నిలబెట్టి వాదించడం కూడా చదువులో భాగమే, కాబట్టి ఓడింది మనిషి కాదు, పక్షం.

ఈ ప్రాంగణాల్లోకి చాలాకాలం భిక్షుణులకు ప్రవేశం లేదు. సుత్తాల్లో మాత్రం ధమ్మదిన్న అనే భిక్షుణి తన మాజీ భర్త విశాఖుడు వేసిన ప్రశ్నలకు వరసగా జవాబులిచ్చి, నిర్వాణానికి జోడీ ఏమిటని అడిగినప్పుడు ప్రశ్న హద్దు దాటిందని ఆపింది. తానైనా అదే జవాబు చెప్పేవాణ్ణని బుద్ధుడు సమర్థించాడు. అయినా ఉన్నత తర్కశాస్త్ర విద్య, గెషే అనే పండిత పట్టం టిబెట్ భిక్షుణులకు అందలేదు. ప్రవాసంలోనే వాళ్లకు ఆ చదువు, ఆ వాదప్రాంగణం తెరుచుకున్నాయి. 2016 డిసెంబరులో ముండగోడులో 20 మంది భిక్షుణులు మొదటిసారిగా గెషేమా (భిక్షుణులకిచ్చే గెషే) పట్టం అందుకున్నారు.